పాటలు బాగా వినడానికి ఏ ఫోన్ కొనాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

"కొత్త ఫోన్ కొంటున్నాను, పాటలు బాగా వినపడాలి, నా కలెక్షన్ అంతా పట్టాలి, ఏది తీసుకోమంటారు?" అని చుట్టాలూ స్నేహితులూ అడుగుతూనే ఉంటారు. ప్రతిసారీ అవే సందేహాలు కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాశాను. మోడళ్లు నెలనెలా మారిపోతాయి. అందుకే ఏ మోడల్ చూసినా పనికొచ్చే విషయాలకే ఎక్కువ చోటిచ్చాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోండి.

## కొనాలనుకుంటున్నప్పుడు

పాట నాణ్యత నిజంగా ఫోన్‌ను బట్టి మారుతుందా?

మారుతుంది, కానీ చాలామంది అనుకునేంత కాదు. మీరు వినే ధ్వనిలో పెద్ద వాటా ఇయర్‌ఫోన్స్‌దే. ఆ తర్వాత అసలు రికార్డింగ్ ఎంత బాగుంది, మీ దగ్గరున్న ఫైలు ఎలాంటిది అన్నది చూడాలి. ఫోన్ నుంచి చెవి దాకా పాట వెళ్లే దారి దాని తర్వాతి సంగతి: బ్లూటూత్ అయితే ఏ కోడెక్ (పాటను కుదించి పంపే పద్ధతి), వైరు అయితే ఏ డాక్ (పాట ఫైలును విద్యుత్ తరంగంగా మార్చే చిప్) అన్నది. పదిహేను వేల ఫోన్‌కి మూడు వేల మంచి వైర్డ్ ఇయర్‌ఫోన్స్ పెట్టి విన్నవాళ్లు, లక్ష రూపాయల ఫోన్‌కి రెండొందల ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నవాళ్లకన్నా ఎంతో మంచి పాట వింటారు. ఫోన్‌లో చూడాల్సినవి స్టోరేజీ, బ్లూటూత్ కోడెక్‌లు, టైప్-సి పోర్టు నుంచి ఆడియో సరిగా రావడం, ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారన్నది. ఈ నాలుగూ బాగుంటే ఆ ఫోన్ పాటలకు సరిపోతుంది.

నా బడ్జెట్ 25 వేలు. మొత్తం ఫోన్ మీదే పెట్టేయనా?

వద్దు. 20 వేల దగ్గర ఫోన్ చూసుకుని, మూడు నాలుగు వేలు ఇయర్‌ఫోన్స్‌కి, ఓ వెయ్యి టైప్-సి డాంగిల్‌కి, అంటే జాక్ లేని ఫోన్‌కి వైర్డ్ ఇయర్‌ఫోన్స్ కలిపే చిన్న ముక్కకి, ఉంచండి. అదే కంపెనీలో ఇంకో ఐదు వేలు పెట్టి పై మోడల్ తీసుకుంటే కెమెరా, స్క్రీన్ మెరుగవుతాయేమో గానీ పాటలో తేడా మాత్రం రాదు. ఫోన్‌కే కాస్త ఎక్కువ పెట్టదలిస్తే 128 జీబీ బదులు 256 జీబీ తీసుకోవడానికి పెట్టండి. పాటలు దాచుకునేవాళ్లకి అంతకన్నా పనికొచ్చే ఖర్చు లేదు.

ఐఫోన్ మంచిదా, ఆండ్రాయిడ్ మంచిదా?

వైరుతో వింటే రెండూ మంచివే. తేడా అంతా బ్లూటూత్ దగ్గర, ఫైళ్ల దగ్గర వస్తుంది. ఐఫోన్ బ్లూటూత్‌లో ఎస్‌బీసీ, ఏఏసీ అనే కోడెక్‌లలో మాత్రమే పంపుతుంది. అంతకన్నా ఎక్కువ డేటా పంపే ఎల్‌డాక్ అనే కోడెక్ ఉన్న హెడ్‌ఫోన్స్ కొన్నా ఐఫోన్‌తో ఆ ఎల్‌డాక్ పని చేయదు. ఐఫోన్‌కి మెమరీ కార్డు స్లాటు ఎప్పుడూ లేదు. ఫ్లాక్ ఫైళ్లు (నాణ్యత ఏమాత్రం పోకుండా కుదించినవి) యాపిల్ వాళ్ల సొంత మ్యూజిక్ యాప్‌లోకి ఎక్కవు. వీఎల్‌సీ, ఫూబార్2000 లాంటి యాప్‌లు వేసుకోవాలి, లేదా ఫైళ్లను యాపిల్ వాళ్ల ఫార్మాట్ ఏఎల్‌ఏసీకి మార్చుకోవాలి. అలా మార్చినా నాణ్యత పోదు. యాపిల్ మ్యూజిక్ చందా కట్టి, వైరుతో వినేవాళ్లకి ఐఫోన్ చక్కగా సరిపోతుంది. ఏళ్ల తరబడి పోగేసుకున్న సొంత కలెక్షన్ ఫోల్డర్లుగా ఉన్నవాళ్లకి మాత్రం ఆండ్రాయిడ్ తీసుకోమనే చెప్తాను.

హెడ్‌ఫోన్ జాక్ ఉన్న ఫోన్ కోసమే వెతకాలా?

జాక్ ఉంటే హాయే. చార్జింగ్ పెట్టుకుని వినొచ్చు, డాంగిల్ పోగొట్టుకుంటామన్న టెన్షన్ లేదు. కానీ దాని కోసమే మిగతావన్నీ వదులుకోవాల్సిన అవసరం లేదు. 2016లో ఐఫోన్ 7తో యాపిల్ జాక్ తీసేసింది. 2020లో శాంసంగ్ గెలాక్సీ ఎస్20కీ లేదు. ఇప్పుడు జాక్ ఎక్కువగా తక్కువ ధర ఫోన్లలోనే కనబడుతుంది, లోపల డాక్ కూడా మామూలుదే ఉంటుంది. సోనీ ఎక్స్‌పీరియా ఖరీదైన ఫోన్లలో జాక్‌తో పాటు మెమరీ కార్డు కూడా ఇస్తూ వచ్చింది, కానీ మన దేశంలో సోనీ ఫోన్ల అమ్మకం 2019లోనే ఆగిపోయింది. విదేశాల నుంచి తెప్పించుకుంటే ఇక్కడ వారంటీ, సర్వీసు కష్టం.

పాత ఎల్‌జీ వీ సిరీస్ ఫోన్లు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతున్నాయి. తీసుకోవచ్చా?

పాటల కోసం మాత్రమే అయితే తీసుకోవచ్చు, రోజూ వాడే ఫోన్‌గా వద్దు. 2016లో వచ్చిన వీ20 నుంచి 2020లో వచ్చిన వీ60 దాకా ఎల్‌జీ వీ సిరీస్‌లో ఈఎస్‌ఎస్ కంపెనీ క్వాడ్ డాక్ పెట్టింది. జాక్‌లో హెడ్‌ఫోన్స్ గుచ్చగానే వాటి ఇంపిడెన్స్ (ఓమ్‌లలో చెప్పే విద్యుత్ నిరోధం) ఎంతో కొలిచి, ఎక్కువ ఓమ్‌ల హెడ్‌ఫోన్స్ అయితే దానంతట అదే ఎక్కువ వోల్టేజీ ఇస్తుంది. ఈ ఏర్పాటు ఉన్న ఫోన్లు చాలా అరుదు. అయితే ఎల్‌జీ 2021లో ఫోన్ల వ్యాపారమే మానేసింది. సెక్యూరిటీ అప్‌డేట్లు రావు, ఒరిజినల్ బ్యాటరీ దొరకడం కష్టం. కొనేముందు ఫోన్‌ను బల్ల మీద వెల్లకిలా పెట్టి వెనక భాగం ఉబ్బిందేమో చూడండి, తెల్లటి స్క్రీన్ తెరిచి మచ్చలున్నాయేమో చూడండి, జాక్‌లో ప్లగ్ తిప్పుతుంటే కరకరమంటోందేమో వినండి. బ్యాంకు యాప్‌లు అందులో వేయకండి.

బాక్స్ మీద "హై-రెస్ ఆడియో" స్టిక్కర్ ఉంటే నమ్మొచ్చా?

అది జపాన్ ఆడియో సొసైటీ ఇచ్చే గుర్తు. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ ఫైళ్లను, అంటే సీడీ (16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్) కన్నా ఎక్కువ వివరం ఉన్నవాటిని, ఆ పరికరం ఆడించగలదని మాత్రమే దానర్థం. ఇయర్‌ఫోన్స్ ధ్వని సమతూకంగా ఉందనో, ఫోన్ డాక్ మంచిదనో అది చెప్పదు. స్టిక్కర్ ఉంటే మంచిదే, లేకపోయినా నష్టం లేదు.

ర్యామ్, ప్రాసెసర్ ఎంత ఉండాలి?

పాటలకు ఏ ప్రాసెసర్ అయినా చాలు. ర్యామ్ 6 జీబీ ఉంటే వెనకాల పాట ఆడుతుండగా యాప్ మూసుకుపోయే బాధ తక్కువ.

## షాపులో ఫోన్ చేతికొచ్చినప్పుడు

షాపుకెళ్తే ఏమేం పరీక్షించాలి?

మీ సొంత ఇయర్‌ఫోన్స్, బ్లూటూత్ బడ్స్, డాంగిల్ ఉంటే అది, మీకు బాగా తెలిసిన రెండు మూడు పాటలున్న పెన్‌డ్రైవ్ వెంట తీసుకెళ్లండి. షాపువాళ్ల డెమో పాట ఏ ఫోన్‌లోనైనా బాగానే అనిపిస్తుంది.

ముందు సిమ్ ట్రే బయటికి తీయించండి. కార్డు స్లాటు ఉందని రాసి ఉన్నా అది హైబ్రిడ్ కావచ్చు, అంటే రెండో సిమ్ పెట్టే చోటే కార్డూ పెట్టాలి. రెండు సిమ్‌లు వాడేవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు. తర్వాత బడ్స్ కలిపి, సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబరు మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. అందులో బ్లూటూత్ ఆడియో కోడెక్ అన్న చోట ఏవేవి ఉన్నాయో కనబడుతుంది. చివరగా వైరు పెట్టి, నిశ్శబ్దం ఎక్కువున్న చోటు ఒకటి వినండి. వీణ తంత్రి మీటాక ఆ నాదం సన్నగిల్లుతూ పోయే చోటు దీనికి బాగా పనికొస్తుంది. అక్కడ వెనకాల సన్నగా బుస్సుమనే చప్పుడు వస్తే ఆ ఫోన్‌కీ మీ ఇయర్‌ఫోన్స్‌కీ పొత్తు కుదరలేదన్నమాట. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ లాంటి చోట్ల ట్రాఫిక్ మోతలో ఈ పరీక్ష కుదరదు. షాపు లోపలి గదిలోకి వెళ్లి వినండి.

డాల్బీ అట్మాస్ ఉన్న ఫోన్ అయితే పాటలు బాగుంటాయి కదా?

సినిమాలకు బాగుంటుంది. మామూలు స్టీరియో పాటకి అట్మాస్ ఆన్ చేస్తే ఫోన్ తనకు తోచినట్టు గొంతును వెనక్కి నెట్టి, వాయిద్యాలను పక్కలకు లాగుతుంది. పాటను రికార్డు చేసిన తీరులో వినాలంటే అది ఆపేయండి. కంపెనీ వాళ్ల ఇతర "సౌండ్ ఎన్‌హాన్సర్"లు ఉంటే అవీ ఆపండి. ప్రత్యేకంగా అట్మాస్‌లో మిక్స్ చేసిన పాటల సంగతి వేరు.

ఫోన్ స్పీకర్లు ఎలా ఉండాలి?

రెండు వైపులా స్పీకర్లుంటే చాలు. శ్రద్ధగా సంగీతం వినే పని ఫోన్ స్పీకర్‌తో ఎలాగూ కాదు.

## వైరు, డాక్, బ్లూటూత్

డాక్ అంటే ఏమిటి? విడిగా కొనాలా?

ఫైలులోని అంకెలను ఇయర్‌ఫోన్‌కి అర్థమయ్యే విద్యుత్ తరంగంగా మార్చే చిప్ డాక్. వైరుతో వినే ప్రతి ఫోన్‌కీ అది ఎక్కడో ఒకచోట ఉండాలి: ఫోన్ లోపలైనా, డాంగిల్‌లోనైనా. బ్లూటూత్ అయితే అది బడ్స్‌లోనే ఉంటుంది, కాబట్టి బ్లూటూత్‌తో మాత్రమే వినేవాళ్లు డాక్ కొనక్కర్లేదు.

జాక్ లేని ఫోన్‌తో వైరు వాడాలంటే చిటికెన వేలంత టైప్-సి డాంగిల్ చాలు. యాపిల్ వాళ్ల టైప్-సి డాంగిల్ 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ దాకా ఆడిస్తుంది, 16 నుంచి 32 ఓమ్‌ల ఇయర్‌ఫోన్స్‌కి సరిపోతుంది. దానికన్నా పైకి వెళ్లాలంటే ఫియో, మూన్‌డ్రాప్, ఐబాసో లాంటి కంపెనీలవి ఉన్నాయి. కొనే ముందు మీ హెడ్‌ఫోన్స్ ఇంపిడెన్స్ చూసుకోండి. సెన్‌హైజర్ హెచ్‌డీ 650 లాంటి 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్స్‌కి చిన్న డాంగిల్ ఇచ్చే వోల్టేజీ చాలదు, వాల్యూమ్ చివరిదాకా పెంచినా పాట నీరసంగా ఉంటుంది. ఇయర్‌ఫోన్స్ మామూలువైతే ఐదారు వేల డాక్ కొనడం డబ్బు దండగ. అదే డబ్బుతో ఇంకా మంచి ఇయర్‌ఫోన్స్ కొనండి.

బజారులో వంద రూపాయల టైప్-సి కన్వర్టర్ కొన్నాను. అసలు సౌండే రావట్లేదు, ఎందుకు?

అందులో డాక్ లేదు, ఉత్త వైరే ఉంది. కొన్ని ఫోన్లు టైప్-సి పోర్టు నుంచి నేరుగా అనలాగ్ ఆడియో పంపేవి, అలాంటి వాటితోనే అది పని చేస్తుంది. శాంసంగ్ గెలాక్సీ, గూగుల్ పిక్సెల్ వంటి ఫోన్లలో సౌండ్ రావాలంటే లోపల డాక్ ఉన్నదే కావాలి. ప్యాకెట్ మీద డాక్ అనో, 24 బిట్ 48 లేదా 96 కిలోహెర్ట్జ్ అనో రాసి ఉందేమో చూసి కొనండి.

యాపిల్ డాంగిల్ నా ఆండ్రాయిడ్ ఫోన్‌కి పెడితే సౌండ్ చాలా తక్కువగా ఉంది. డాంగిల్ చెడిపోయిందా?

చెడిపోలేదు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు డాంగిల్ లోపలి వాల్యూమ్‌ను పూర్తిగా పెంచవు. యూఎస్‌బీ ఆడియో ప్లేయర్ ప్రో లాంటి సొంత డ్రైవర్ ఉన్న యాప్‌తో ఆడిస్తే పూర్తి వాల్యూమ్ వస్తుంది. స్ట్రీమింగ్ యాప్‌లే ఎక్కువ వాడేవాళ్లు వేరే కంపెనీ డాంగిల్ తీసుకోవడమే మేలు.

డాంగిల్ కాసేపు వాడకుండా వదిలేస్తే ఫోన్ దాన్ని మర్చిపోతోంది.

ఒప్పో, రియల్‌మీ, వన్‌ప్లస్, వివో ఫోన్లలో ఓటీజీ (యూఎస్‌బీ పరికరాలను ఫోన్‌కి తగిలించే సౌకర్యం) సెట్టింగ్ విడిగా ఉంటుంది. వాడకపోతే పది నిమిషాలకు దానంతట అదే ఆగిపోతుంది. నోటిఫికేషన్ ప్యానెల్‌లో ఓటీజీ బటన్ పెట్టుకుంటే ఒక్క నొక్కుతో మళ్లీ వస్తుంది.

ఆండ్రాయిడ్ పాటలన్నిటినీ 48 కిలోహెర్ట్జ్‌కి మార్చేస్తుందట, నిజమా?

చాలా ఫోన్లలో నిజమే. పాట, నోటిఫికేషన్, మ్యాప్స్ గొంతు అన్నీ ఒకేసారి వినిపించాలి కాబట్టి సిస్టమ్ అన్నిటినీ ఒకే లెక్కకి తెచ్చి కలుపుతుంది. 44.1 కిలోహెర్ట్జ్ సీడీ పాట 48కి మారుతుంది. ఈ మార్పు వల్ల వచ్చే తేడా మామూలు చెవికి పట్టడం కష్టం, దీని కోసం నిద్ర మానుకోనక్కర్లేదు. ఉన్నది ఉన్నట్టే డాక్‌కి చేరాలనుకుంటే సొంత యూఎస్‌బీ డ్రైవర్ ఉన్న ప్లేయర్ యాప్ వాడండి. 2023లో వచ్చిన ఆండ్రాయిడ్ 14 నుంచి సిస్టమ్‌లోనే ఆ వీలు పెట్టారు గానీ, ఫోన్ కంపెనీ, యాప్ రెండూ దాన్ని అందుకుంటేనే ఉపయోగం.

బ్లూటూత్‌లో ఏ కోడెక్ మంచిది? ఎస్‌బీసీ, ఏఏసీ, ఎల్‌డాక్ అంటే తలతిరిగిపోతోంది.

బ్లూటూత్ దారి ఇరుకు. సీడీ నాణ్యత పాటకి సెకనుకు 1411 కిలోబిట్లు కావాలి. ఎస్‌బీసీ సాధారణంగా 328 దాకా పంపుతుంది, యాప్ట్‌ఎక్స్ 352, యాప్ట్‌ఎక్స్ హెచ్‌డీ 576, ఎల్‌డాక్ 330, 660, 990లలో ఒకటి. అంటే ఎల్‌డాక్ గరిష్ఠంగా పంపినా సీడీ పాట మొత్తం యథాతథంగా వెళ్లదు, కాస్త కుదించుకునే వెళ్తుంది. అయినా 660 దగ్గరే వినడానికి చాలా బాగుంటుంది.

ఎల్‌డాక్ 2017లో ఆండ్రాయిడ్ 8తో సిస్టమ్‌లో భాగమైంది, కాబట్టి చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉంటుంది. యాప్ట్‌ఎక్స్ క్వాల్‌కామ్ వాళ్లది, ఆ కంపెనీ ప్రాసెసర్ ఉన్న ఫోన్లలో ఎక్కువగా దొరుకుతుంది. గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే: ఫోన్‌లోనూ హెడ్‌ఫోన్స్‌లోనూ రెండిట్లో ఉన్న కోడెక్ మాత్రమే పని చేస్తుంది. అది చూడకుండా కొంటే ఎంత ఖరీదైన జత అయినా ఎస్‌బీసీ దగ్గరే ఆగిపోతుంది.

బడ్స్‌లో, ఫోన్‌లో రెండిట్లో ఎల్‌డాక్ ఉంది. అయినా తేడా తెలియట్లేదు.

ముందు బ్లూటూత్ సెట్టింగ్స్‌లో ఆ బడ్స్ పేరు పక్కనున్న గుర్తు నొక్కి, ఎల్‌డాక్ లేదా హెచ్‌డీ ఆడియో అన్నది ఆన్‌లో ఉందో లేదో చూడండి. కొన్ని బడ్స్‌కి వాటి సొంత యాప్‌లో కూడా ఆన్ చేయాలి, ఒకేసారి రెండు ఫోన్లకి కలిసే సౌకర్యం ఆన్‌లో ఉంటే కొన్నిటిలో ఎల్‌డాక్ ఆగిపోతుంది. మెట్రోలో, బస్టాండ్‌లో చుట్టూ బ్లూటూత్ పరికరాలు ఎక్కువున్నచోట ఫోన్ తనంతట తాను 330కి దిగిపోతుంది. అక్కడ 990కి బలవంతంగా పెడితే పాట తెగుతుంది. ఇవన్నీ సరిగానే ఉన్నా తేడా తెలియకపోతే కంగారేమీ లేదు, మంచి ఏఏసీ కూడా బాగానే ఉంటుంది.

## ఫైళ్లు

320 ఎంపీ3కి, ఫ్లాక్‌కి తేడా వినపడుతుందా?

పాట పేరు, ఫార్మాట్ కనబడకుండా మార్చి మార్చి వినిపిస్తే, సరిగ్గా చేసిన 320 ఎంపీ3ని (సెకనుకు 320 కిలోబిట్లది) ఫ్లాక్ నుంచి విడదీయడం చాలామందికి సాధ్యం కాదు. నిశ్శబ్దమైన గదిలో, మంచి హెడ్‌ఫోన్స్‌తో, తాళాల మోత లాంటి కొన్ని చోట్ల శిక్షణ ఉన్న చెవి పట్టుకోవచ్చు. 128 ఎంపీ3 తేడా పట్టుకోవడం మాత్రం అంతకన్నా తేలిక.

అయినా దాచుకోవడానికి ఫ్లాక్‌నే వాడమంటాను. సీడీలో ఉన్న ప్రతి బిట్టూ అందులో ఉంటుంది. రేపు ఇంకో మంచి ఫార్మాట్ వచ్చినా, కారు కోసం ఎంపీ3 కావాలన్నా ఫ్లాక్ నుంచి ఎన్నిసార్లైనా చేసుకోవచ్చు. ఎంపీ3 నుంచి మళ్లీ ఇంకోదానికి మార్చిన ప్రతిసారీ కొంత పోతుంది. ఇంట్లో హార్డ్ డిస్కులో ఫ్లాక్, ఫోన్‌లో చోటు తక్కువైతే 320 ఎంపీ3 లేదా 256 ఏఏసీ అన్న పద్ధతి చక్కగా నడుస్తుంది.

24 బిట్, 192 కిలోహెర్ట్జ్ ఫైళ్లు ఇంకా బాగుంటాయా?

మనిషి చెవి వినే పై హద్దు 20 కిలోహెర్ట్జ్, వయసుతో అదీ తగ్గుతుంది. 44.1 కిలోహెర్ట్జ్ ఫైలు 22 దాకా మోయగలదు. 192 ఫైలులో ఉండే అదనపు పౌనఃపున్యాలు మనకు వినపడవు, చోటు మాత్రం సీడీ ఫ్లాక్‌కి ఆరింతల దాకా తింటాయి. కొన్ని హై-రెస్ ఆల్బమ్‌లు నిజంగా బాగుంటాయి. అది వాటిని కొత్తగా, శ్రద్ధగా మాస్టర్ చేయడం (విడుదలకు ముందు ధ్వనిని చివరిగా సరిదిద్దడం) వల్ల వచ్చిన మంచి. ఫోన్‌లో 16 బిట్, 44.1 ఫ్లాక్‌తో ఆగిపోండి.

ఘంటసాల గారి పాత పాటలు హై-రెస్‌లో అమ్ముతున్నారు. తీసుకోనా?

అంకెలు చూసి తీసుకోకండి, విని తీసుకోండి. 1950లు, 60లలో మన సినిమా పాటలు మోనోలో (ఒకే ఛానెల్‌లో) రికార్డయ్యాయి, 78 ఆర్‌పీఎమ్ రికార్డుల మీద ఇళ్లకు చేరాయి. ఘంటసాల గారు 1974లో పోయారు, సీడీ వచ్చింది 1982లో. కాబట్టి ఈ రోజు మనకు దొరికే ప్రతి కాపీ టేపు నుంచో, రికార్డు నుంచో ఎవరో ఎక్కించిందే. ఆ ఎక్కించడం ఎంత బాగా చేశారన్నదే నాణ్యతను తేలుస్తుంది. అరిగిన రికార్డు నుంచి తీసి 24 బిట్ పెట్టెలో పెడితే అరుగుదల మరింత స్పష్టంగా దాచుకున్నట్టే.

వినేటప్పుడు "స", "శ" అక్షరాల మీద చెవి పెట్టండి. బుస్సుమనే చప్పుడు తీసేయాలన్న అత్యుత్సాహంతో కొందరు ఆ అక్షరాల మొన విరిచేస్తారు, గొంతు దుప్పటి కింద నుంచి వస్తున్నట్టు ఉంటుంది. అలాంటి "శుభ్రమైన" కాపీ కన్నా కాస్త బుస్సుమంటున్నా గొంతు నిలువెత్తున వినిపించే కాపీ నాకు వెయ్యి రెట్లు ఇష్టం. మోనో పాటను సాగదీసి స్టీరియోగా చేసినవీ, కొత్తగా డ్రమ్స్ కలిపినవీ అసలే వద్దు. ఒకే పాట మూడు నాలుగు ఆల్బమ్‌లలో దొరుకుతుంది. అన్నీ విని మంచిది ఒకటి ఎంచుకుని మిగతావి తీసేస్తే చోటూ మిగులుతుంది, ప్రతిసారీ మంచి కాపీయే వింటాం.

నాకు దొరికిన ఫ్లాక్ అసలుదో, ఎంపీ3ని మార్చిందో ఎలా తెలుస్తుంది?

కంప్యూటర్‌లో స్పెక్ అనే ఉచిత ప్రోగ్రాంలోకి ఫైలును లాగి వదలండి, పాట పౌనఃపున్యాల బొమ్మ గీస్తుంది. అసలైన సీడీ ఫ్లాక్‌లో రంగు పైన 22 కిలోహెర్ట్జ్ దాకా చెదురుగా పాకుతుంది. 16 దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోతే అది సాధారణంగా 128 ఎంపీ3 నుంచి వచ్చింది, 20 దగ్గర ఆగితే 320 కావచ్చు. పాత రికార్డింగులకు ఈ పరీక్ష నమ్మకండి, వాటిలో పై పౌనఃపున్యాలు మొదటి నుంచీ ఉండవు.

యూట్యూబ్ పాటను ఫ్లాక్‌గా మారిస్తే నాణ్యత పెరుగుతుందా?

పెరగదు. ఫైలు సైజు మాత్రం పెరుగుతుంది.

ఇంట్లో పాత సీడీలున్నాయి. ఫోన్‌లోకి ఎలా ఎక్కించాలి?

యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ ఒకటి సంపాదించండి. విండోస్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే ఉచిత ప్రోగ్రాం గీతలు పడ్డ చోట మళ్లీ మళ్లీ చదివి, వచ్చింది సరైనదో కాదో ఇతరుల కాపీల లెక్కతో పోల్చి చెప్తుంది. తెలుగు సీడీల వివరాలు ఆన్‌లైన్ జాబితాల్లో చాలావరకు ఉండవు, ఉన్నా పేర్లు తప్పులతో ఉంటాయి. సీడీ అట్ట చూసి ఎక్కించేటప్పుడే పేర్లు రాసుకోండి. తర్వాత రాద్దామనుకుంటే "ట్రాక్ 01"లు గుట్టలుగా మిగిలిపోతాయి.

స్ట్రీమింగ్‌లో అన్నీ దొరుకుతున్నాయి. ఇంకా ఫైళ్లు దాచుకోవడం ఎందుకు?

దొరుకుతున్నంతకాలం సుఖమే. యాపిల్ మ్యూజిక్ 2021 నుంచి లాస్‌లెస్ (నాణ్యత పోని పాటలు) ఇస్తోంది, స్పాటిఫై 2025లో మొదలుపెట్టింది, జియోసావన్ 320 దాకా, యూట్యూబ్ మ్యూజిక్ 256 దాకా ఇస్తాయి. కానీ ఆ పాటలు మనవి కావు. హక్కులు చేతులు మారితే మీ ప్లేలిస్టులో పాట బూడిద రంగుకి మారిపోతుంది. 2024లో ఎయిర్‌టెల్ వింక్ మ్యూజిక్ మూతపడింది, అందులో డౌన్‌లోడ్ చేసుకున్నవి బయట వాడుకోవడానికి వీలే లేదు. కొత్త పాటలకు స్ట్రీమింగ్ వాడండి. పాత పద్యాలు, హరికథలు, రేడియో నాటకాలు, మీ ఊరి భజన బృందం క్యాసెట్టు లాంటివి పోతే మళ్లీ దొరకవు, వాటిని మాత్రం తప్పకుండా సొంతంగా దాచుకోండి.

## స్టోరేజీ

నాకు ఎన్ని జీబీలు కావాలి?

ఐదు నిమిషాల పాట 320 ఎంపీ3 అయితే 12 ఎంబీ, సీడీ నాణ్యత ఫ్లాక్ అయితే సుమారు 30 ఎంబీ, 24 బిట్ 96 కిలోహెర్ట్జ్ ఫ్లాక్ అయితే సుమారు 100 ఎంబీ. రెండు గంటల కచేరీ సీడీ నాణ్యతలో 700 ఎంబీ దాకా అవుతుంది. మోనో రికార్డింగులు ఇంకా చిన్నవిగా ఉంటాయి.

128 జీబీ ఫోన్‌లో సిస్టమ్‌కి పోగా సుమారు 100 మిగులుతుంది. వాట్సాప్, ఫొటోలు, వీడియోలు అందులో సగం తినేస్తాయి. మిగిలిన 50 జీబీలో 1,600 ఫ్లాక్ పాటలు పడతాయి. 256 జీబీ ఫోన్ అయితే 5,000 పాటలు దర్జాగా పడతాయి. మీ కలెక్షన్ ఫోల్డర్ సైజు ఇప్పుడు ఎంతుందో చూసి, దాన్ని రెట్టింపు చేసి, దానికి 70 జీబీ కలపండి. అదే మీకు కావాల్సిన స్టోరేజీ.

మెమరీ కార్డు స్లాటు లేని ఫోన్ అయితే ఎలా?

శాంసంగ్ కూడా 2021లో ఎస్21 నుంచి తన ఖరీదైన ఎస్ సిరీస్‌లో కార్డు స్లాటు తీసేసింది. కాబట్టి అలాంటి ఫోన్‌లో కొనేటప్పుడే పెద్ద స్టోరేజీ తీసుకోవాలి, తర్వాత పెంచుకునే దారి లేదు. మిగతా కలెక్షన్‌ను చిన్న టైప్-సి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని, వారానికోసారి ఈ వారం వినాలనుకున్నవి ఫోన్‌లోకి మార్చుకుంటే సరిపోతుంది.

ఆన్‌లైన్‌లో ఒక టెరాబైట్ కార్డు 500 రూపాయలకే ఉంది. కొనొచ్చా?

వద్దు, అది దొంగ కార్డు. లోపల ఎనిమిదో పదహారో జీబీ పెట్టి, ఫోన్‌కి టెరాబైట్ అని చూపించేలా మార్చి ఉంటారు. మొదట్లో పాటలన్నీ ఎక్కినట్టే కనబడతాయి. నిజమైన చోటు నిండాక ఎక్కించినవి పేర్లు మాత్రమే ఉంటాయి, ఆడవు. ఎక్కడ కొన్నా కార్డు రాగానే కంప్యూటర్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూతో గానీ, లినక్స్, మ్యాక్‌లో ఎఫ్3తో గానీ మొత్తం నింపి చదివించి చూడండి. గంటలు పడుతుంది, అయినా చేయండి. తేడా వస్తే వాపసు గడువు లోపే తెలిసిపోతుంది. పాటలకు మామూలు క్లాస్ 10 వేగం చాలు.

కార్డు పెట్టగానే "ఇంటర్నల్ స్టోరేజీగా వాడనా" అని ఫోన్ అడుగుతోంది.

వద్దనండి, పోర్టబుల్ స్టోరేజీగానే పెట్టండి. ఇంటర్నల్‌గా చేస్తే కార్డు ఆ ఫోన్ తాళంతో ఎన్‌క్రిప్ట్ అవుతుంది, ఫోన్ చెడిపోతే ఆ పాటలు ఇంకెక్కడా తెరుచుకోవు.

కార్డులో ఉన్నాయి కదా, బ్యాకప్ అవసరమా?

తప్పకుండా. మెమరీ కార్డు హెచ్చరిక లేకుండా పోతుంది. నిన్న ఆడిన కార్డు ఈ రోజు "ఫార్మాట్ చేయాలి" అంటుంది. ఇంట్లో ఒక హార్డ్ డిస్కులో మొత్తం, ఇంకో చోట, అంటే అన్నయ్య ఇంట్లోనో క్లౌడ్‌లోనో, రెండో కాపీ ఉంచండి. ఫోన్‌లో ఉన్నది వినే కాపీ మాత్రమే.

ఫ్లాక్ పాటను వాట్సాప్‌లో పంపితే నాణ్యత తగ్గుతుందా?

డాక్యుమెంట్‌గా పంపితే తగ్గదు, 2 జీబీ దాకా వెళ్తుంది. ఒకే వైఫైలో ఉన్న ఫోన్ల మధ్య అయితే లోకల్‌సెండ్ యాప్ ఇంకా వేగం.

## వాడుతున్నప్పుడు

రాగం, తానం, పల్లవి వింటుంటే ట్రాక్ మారే చోట చిన్న ఖాళీ వస్తోంది. ఎలా పోతుంది?

కచేరీని ట్రాక్‌లుగా కోసినప్పుడు ఒక ట్రాక్ ముగిసిన క్షణానే తర్వాతది మొదలవ్వాలి. దీన్ని గ్యాప్‌లెస్ అంటారు. ఆలాపన నుంచి తానంలోకి వెళ్లే చోట తంబురా శ్రుతి అర సెకను ఆగినా ప్రాణం ఉసూరుమంటుంది. పవర్‌యాంప్, ఫూబార్2000 లాంటి యాప్‌ల సెట్టింగ్స్‌లో గ్యాప్‌లెస్ ఆన్ చేసి, క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివర మీదికి తర్వాతది కలిపే పద్ధతి) ఆపండి. ఎంపీ3 ఫార్మాట్ మొదట్లోనూ చివర్లోనూ సన్నటి నిశ్శబ్దం చేరుస్తుంది కాబట్టి కచేరీలను ఫ్లాక్‌లోనే పెట్టుకోవడం మేలు.

ఒకే గాయకుడి పాటలు నాలుగు పేర్ల కింద చీలిపోయాయి.

ఫైలు లోపలి ట్యాగులలో ఒకచోట "ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం", ఇంకోచోట "ఎస్పీ బాలు", మరోచోట ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటే ప్లేయర్ ముగ్గురనుకుంటుంది. కంప్యూటర్‌లో ఎంపీ3ట్యాగ్ ప్రోగ్రాంతో అన్నీ ఎంచుకుని ఒకే పేరు పెట్టేయండి. యుగళగీతాలకు ఆల్బమ్ ఆర్టిస్ట్ గడిలో సంగీత దర్శకుడి పేరు పెడితే ఒక సినిమా పాటలన్నీ ఒకచోట ఉంటాయి. కర్ణాటక సంగీతానికి కంపోజర్ గడిలో వాగ్గేయకారుడు, జానర్ గడిలో రాగం రాయండి. అప్పుడు "మోహన" అని వెతికితే మోహన రాగ కీర్తనలన్నీ వరసగా వస్తాయి. ఈ పనికి ఓపిక కావాలి, కానీ రోజుకో ఆల్బమ్ చొప్పున చేస్తే బరువనిపించదు. తెలుగు అక్షరాలు పిచ్చి గుర్తులుగా కనబడితే ట్యాగులను యూనికోడ్‌లో మళ్లీ టైప్ చేసి సేవ్ చేయాలి.

స్క్రీన్ ఆపిన కాసేపటికి పాట ఆగిపోతోంది.

ఫోన్ బ్యాటరీ ఆదా కోసం ప్లేయర్‌ను మూసేస్తోంది. సెట్టింగ్స్‌లో ఆ యాప్ బ్యాటరీ విభాగానికి వెళ్లి "అన్‌రెస్ట్రిక్టెడ్" పెట్టండి.

ఈక్వలైజర్ వాడొచ్చా?

నిస్సంకోచంగా వాడండి. బేస్ ఎంత పెంచారో ఈక్వలైజర్‌లోని ప్రీయాంప్ (మొత్తం సౌండ్ స్థాయి) అంత తగ్గించండి, లేకపోతే మృదంగం దెబ్బ పగిలినట్టు వినపడుతుంది.

ఎంత సౌండ్‌లో వినొచ్చు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పిన హద్దు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు. సౌండ్ పెరిగేకొద్దీ ఈ గంటలు గబగబా తగ్గిపోతాయి. బస్సు హోరును దాటాలని వాల్యూమ్ పెంచే బదులు చెవిలో బిగుతుగా కూర్చునే ఇయర్‌టిప్స్ వాడండి, తక్కువ సౌండ్‌లోనే అన్నీ వినపడతాయి. విన్నాక చెవిలో గుయ్యిమంటే ఆ రోజుకి ఆపేయాలి.

పాత ఫోన్‌ను పాటలకే కేటాయించవచ్చా?

చాలా మంచి ఆలోచన. సిమ్ తీసేసి, అంతా రీసెట్ చేసి, ప్లేయర్ యాప్ ఒక్కటే వేసి, ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. కాల్స్ మధ్యలో రావు, చార్జింగ్ రోజుల తరబడి వస్తుంది. కార్డు స్లాటు, జాక్ ఉన్న పాత ఫోన్ అయితే ఇంకా మంచిది. దాన్ని ఎప్పుడూ చార్జర్‌కి తగిలించి ఉంచకండి, బ్యాటరీ ఉబ్బుతుంది. వాడకుండా పక్కన పెట్టేటప్పుడు సగం చార్జింగ్‌తో ఉంచి, రెండు మూడు నెలలకోసారి తీసి చూసుకోండి.